తాబేలు గీసిన గీత

ఎండిన వాగులో ఇసుక మెత్తగా ఉందని పందికొక్కు వరసగా బొరియలు తవ్వి, వచ్చినవాళ్లందరికీ పంచిపెడుతోంది. ఆరు పసికూనలను వెంటేసుకుని చిట్టెలుక కూడా వచ్చి చేరింది.

ఆరోజే తాబేలు వాగులో మిగిలిన మడుగులోంచి బయటికొచ్చి, పొద్దంతా పాకి, ఒడ్డు మీద చాలా ఎత్తున గుడ్లు పెట్టింది. ఆ ఎత్తునే పొట్ట ఈడ్చుకుంటూ నడిచి మట్టిలో పొడుగాటి గీత గీసింది.

"ఈ గీత కింద ఎవరూ ఇల్లు కట్టొద్దు" అంది.

"నీ ఇల్లు నీ వీపు మీదే ఉందిగా అత్తా! మా ఇళ్ల గొడవ నీకెందుకు?" అని పందికొక్కు పకపకా నవ్వింది.

చిట్టెలుక నవ్వలేదు. నీళ్లలో బతికే అత్తే తన గుడ్లను నీళ్లకింత దూరంగా దాచుకుందంటే ఏదో ఉంది అనుకుంది. పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని గీత దాటించింది.

మూడోనాడు మధ్యాహ్నం ఇక్కడ చినుకైనా లేదు. ఎక్కడో కొండల్లో కురిసిన వాన, నేల అదిరేలా వాగై వచ్చింది. పందికొక్కూ మిగతావాళ్లూ పడుతూ లేస్తూ ఒడ్డెక్కేసరికి బొరియల జాడే లేదు. ఎర్రటి నీళ్లు పైపైకి వచ్చి, గీతకు జానెడు కింద ఆగాయి.

పందికొక్కు గీత పక్కన తవ్వబోయింది.

"ఇంకా పైకి పో నాయనా" అంది తాబేలు. "నా గుడ్లకు ఈ ఒక్క వానాకాలం గడిస్తే చాలు. ఇల్లంటే నీ మనవలు కూడా ఉండొద్దూ? మా అమ్మమ్మ చూసిన వరద ఎందాకా వచ్చిందో అదిగో, చూడు."

తాబేలు మెడ చాచిన వైపు అందరూ తలలెత్తారు. గట్టు మీది ముసలి తుమ్మచెట్టు చిటారుకొమ్మకు, వాగు మడుగులో మాత్రమే పెరిగే జమ్ము ఎండిపోయి చిక్కుకుని, గాలికి మెల్లగా ఊగుతోంది.