రెండు సెకన్లు

బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టారిని పనిలోంచి తీసేసిన నెలకే మేనేజరు మళ్లీ పిలిపించాడు.

"నీ బదులు పెట్టిన మిషను నీ చేతుల్ని చూసే నేర్చుకుందిగా. బ్లేడు దించే ముందు ప్రతిసారీ రెండు సెకన్లు ఊరికే ఆగుతోంది. ఏం రోగమయ్యా ఇది?"

మాస్టారికి ఒళ్లు మండింది. "రోగం కాదు. బట్ట సర్దే మనిషి చెయ్యి తీసేదాకా ఆగడం."

"సర్దేది మీ ఆవిడేగా, కాస్త చురుగ్గా ఉండమను. ఆగడం అనవసరమని రాసి సంతకం పెట్టు."

"ముందు నువ్వెళ్లి ఆ బ్లేడు కింద చెయ్యి పెట్టు. తర్వాత పెడతా సంతకం."

"సంతకం ఫైలు కోసమేలే. ఆ రెండు సెకన్లూ ఇందాక భోజనాల బెల్లప్పుడే తీసేశాం."

షెడ్డులో మిషను మళ్లీ మొదలైంది. మాస్టారు కుర్చీ తన్నేసి పరిగెత్తాడు.

ఆఫీసు గది అద్దం అవతల అతని భార్య, ఇరవై ఏళ్ల నమ్మకంతో, బ్లేడు వంకైనా చూడకుండా తీరిగ్గా బట్ట సర్దుతోంది.