సున్నం భయం

పలకల వ్యాపారి బాలసుబ్రహ్మణ్యం ఎవరు పలకరించినా పలకడం మానేసి వారమైంది.

ఎనిమిదేళ్ల కిందట వేరే ఆసుపత్రిలో ఆయన గుండెలో జంతుపొరతో కుట్టిన వాల్వు పెట్టారు. దానికి సున్నం పట్టి బిగుసుకుపోయింది. మార్చాలి. ఈసారి సున్నం తొందరగా పట్టకుండా మందుతో శుద్ధి చేసిన రకం పెడతామన్నారు. ఒప్పుకుంటే ఈ రోజే సంతకం.

మార్కాపురం ఆసుపత్రిలో ఓపీ చీటీ ఇచ్చారు. ఓపిక మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నర్సు ఒకామెను తెచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టింది. అరవై దాటిన మనిషి. సంచిలోంచి తమలపాకు తీసి, సున్నం రాసి, ఆయన ముందుకు చాచింది.

"తీసుకో అన్నా. నోరు పండితే దిగులు పోతాది."

ఆయన ఉలిక్కిపడ్డాడు. వాల్వు చెడిందన్న రోజునుంచి ఆయన ఇంట్లో కిళ్లీ బంద్, బోరునీళ్లు బంద్. ఆఖరికి గోడల సున్నం కూడా గీకించేశాడు.

"సున్నమా! నా గుండెకు పట్టిందే అది. ఇంకా పూస్తావా?"

"తిన్న సున్నం పోయి గుండెకు పట్టదంట అన్నా. డాక్టరు నాకు చెప్పినాడు..."

"గుండె జబ్బు నీకా, నాకా? అవతలికి పోమ్మా!"

ఆమె పకపకా నవ్వింది. "పోతాలే అన్నా. కోపానికి మాత్రం నీ గుండె బాగానే పనిచేస్తాంది."

"జమీలాబీ!" నర్సు పిలిచింది.

ఆమె లోపలికి వెళ్లి, పది నిమిషాల్లో బయటికొచ్చి, "అయ్యో, నా బస్సు!" అంటూ మెట్లు దిగింది.

తర్వాత ఆయన వంతు. డాక్టరు కాగితం ముందుకు జరిపాడు.

"ఎట్ల పెట్టేది సార్ సంతకం? ఇది కూడా ఎనిమిదేళ్లకే మొరాయిస్తే? ఆ వాల్వుతో ఏళ్లకేళ్లు బతికిన మనిషిని ఒక్కరిని చూపించండి. కాగితాలు కాదు, మనిషిని! లేదంటే ఉన్నన్నాళ్లు ఉంటా, పోయిన్నాడు పోతా."

డాక్టరు కిటికీలోంచి కిందికి చూశాడు. ఆయనా చూశాడు.

కింద రోడ్డుమీద జమీలాబీ కదిలిన బస్సు వెంట పరుగెత్తి, కమ్మీ పట్టుకుని, ఒక్క ఊపున ఎక్కేసింది.

"చూసినారా సార్! నేను నాలుగు మెట్లెక్కితే నాలుక బయటికొస్తాది. అట్లాంటి గుండె నాకుంటే ఇక్కడికెందుకు వస్తా?"

బస్సు మలుపు తిరిగింది.

"మీతో మాట్లాడించాలనే ఆమెను వెలిగండ్ల నుంచి పిలిపించాను," అన్నాడు డాక్టరు. "మా దగ్గర ఆ వాల్వు మొట్టమొదట పెట్టించుకుని, పదమూడేళ్లుగా ఇట్లా బస్సులందుకుంటున్నది ఆమే."