చేప ఎక్కడికి వెళ్తోంది

మా కాకినాడ అపార్టుమెంట్లలో ఇప్పుడు ప్రతి గుమ్మం పక్కనా ఒక బొమ్మగోడ ఉంటుంది. కొత్త బొమ్మ పెట్టిన రోజు వీధి దీపాలు వెలిగేదాకా, చూసినవాళ్లు ఏ వంక పెడితే గోడ ఆ ప్రకారం బొమ్మను మార్చేస్తుంది. ఆ తర్వాత ఇక ఎవరూ మార్చలేరు. అందుకే ఏ గుమ్మం చూసినా అదే నీలి ఆకాశం, అదే నడిమధ్య చందమామ.

నేను గీసింది వంకాయరంగు ఆకాశంలో ఈదే చేప. దాని వీపు మీద ఒక ఊరు.

"ఆ రంగు కళ్లకి కొడుతోందండీ," అన్నారు ఎదురింటి సోమయాజులు గారు. ఆకాశం సగం వెలిసిపోయింది.

"చేప ఓ మూలకి పోయింది, మధ్యకి రావాలి," అంది ఆయన భార్య. చేప కదలబోయింది.

నాకు ఒళ్లు మండింది. కానీ గీసినవాళ్లు ఎదురు చెప్పకూడదు. ఎవరైనా అడిగితే జవాబు చెప్పచ్చు. అడిగేవాళ్లెవరు, అందరూ చెప్పేవాళ్లే.

అప్పుడే పైవాటా వరహాలమ్మగారు కూరల సంచితో వచ్చి, చాలాసేపు బొమ్మనే చూశారు.

"ఇంతకీ ఈ చేప ఊరినంతా మోసుకుని ఎక్కడికెళ్తోందే?"

గోడ ఆగిపోయింది. అడిగినదానికి జవాబు వచ్చేదాకా అది బొమ్మను ముట్టుకోదు. ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అడగకపోవడంతో నేను ఆ సంగతే మరిచిపోయాను.

"చెప్తాను అత్తయ్యగారూ. ముందు లోపలికొచ్చి టీ తాగండి."

అల్లం తీరిగ్గా దంచాను. రెండో కప్పూ పోశాను. కిటికీ బయట వీధి దీపాలు వెలిగాక ఊపిరి పీల్చుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఎక్కడికో నాకూ తెలీదండీ."

"పోన్లే, వెళ్లనీ," అన్నారావిడ సంచి అందుకుంటూ. "రేపు మెట్లెక్కేటప్పుడు చూస్తాను, ఎంతదూరం వెళ్లిందో."