నెమలి బొమ్మ బండి

నా రాతలో దీర్ఘాలు, ఒత్తులు తప్పితే ఏమీ అనుకోకండి. మనవరాలి పక్కన కూర్చుని ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు. చెయ్యి ఇంకా నెమ్మదే. అందుకే చిన్న కథ రాశాను.

ధవళేశ్వరం కాలవ గట్టు మీద, బళ్లకి కుదుపు తగ్గించే షాకులు వేసే తబిత షెడ్డు ముందు ఒక పికప్ బండి ఆగింది.

డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు.

"నా పేరు తాతాజీ అండి. గొయ్యి వస్తే బండి ఎగిరి పడుతోందమ్మా. కంపెనీ షాకులు తీసేసి మంచివి వెయ్యాలి."

"ఏం లోడు వేస్తారు?" అంది తబిత.

"గడ్డి, కొబ్బరికాయలు. ఒక్కోసారి ఖాళీయే."

"బరువుకైతే గ్యాసువి, గట్టిగా ఉంటాయి. ఖాళీ బండి ఎగరకూడదంటే ఆయిలువి."

"మెత్తటివే ఇవ్వండి. వెనకున్న మనిషికి గొయ్యి తెలియకూడదు."

"వెనక ఎవర్ని ఎక్కిస్తారేంటి, పెళ్లికూతుర్నా?"

"అలాగే అనుకోండి" అని నవ్వాడు.

తబిత కూడా నవ్వింది. షాకుల సైజు చూద్దామని బండి వెనక్కి వెళ్లింది.

వెనక డోరు మీద నెమలి బొమ్మ.

నవ్వు ఆగిపోయింది.

కిందటేడు ఆమె భర్త ఐజాక్‌ని ఏదో బండి గుద్దేసింది. గుద్దినవాడే ఆస్పత్రి గుమ్మంలో పడేసి పారిపోయాడని ఊరంతా అన్నారు. ఆస్పత్రి వాచ్‌మన్‌కి గుర్తున్నది ఒక్కటే, ఆ బండి వెనక నెమలి బొమ్మ. తబితకి గుర్తున్నది ఒక్కటే, చచ్చిపోయిన ఐజాక్ జుట్టు నిండా గడ్డి పరకలు.

అప్పట్నుంచి చర్చిలో కళ్లు మూసుకుని ఆమె అడిగేది ఒకటే. వాణ్ణి నా షెడ్డుకి పంపించు ప్రభువా.

పంపించాడు.

డోరు దించి చూసింది. బండి అడుగున గడ్డి, పరుపులా పరిచి ఉంది.

లోపల తమ్ముడు జయపాల్ కొత్త షాకులు తీస్తున్నాడు.

"అవి పెట్టెయ్. ఆ మూలనున్నవి వెయ్."

"అవా? ఆయిలు కారిపోయి చచ్చినవక్కా. పాత ఇనుముకి వెయ్యాల్సినవి."

"రంగు కొట్టు."

"స్పీడు మీద బండి నిలబడదు. మలుపులో కాలవలోకి పోతాడు."

"మీ బావని ఎక్కడికి పంపాడు? వెళ్లి నెమలిని చూసిరా."

జయపాల్ చూసొచ్చాడు. రంగు డబ్బా తీశాడు.

బయట తబిత తాతాజీకి టీ ఇచ్చింది.

"మంచివేనా అమ్మా?"

"మీ కోసం దాచినవే."

"నా ఫోన్ నంబరు రాసుకోండి. ఏదైనా తేడా వస్తే..."

"నంబరెందుకండీ. బిల్లు కూడా వద్దు."

అతను షెడ్డుకి వచ్చిన గుర్తు ఎక్కడా మిగలకూడదు. అదీ ఆమె లెక్క.

చచ్చిన షాకు మొదట్లో మెత్తగానే ఉంటుంది. వేగం అందుకున్నాకే దాని సంగతి తెలుస్తుంది. గట్టు మీద కాస్త నడిపి చూసి, తాతాజీ కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"పడవలా ఉందమ్మా. చల్లగా ఉండండి."

ట్రయల్‌కని జయపాల్ ఎక్కాడు, కాలవ లాకుల దాకా వెళ్లి దిగిపోతానని.

తబిత క్యారేజీ విప్పింది. ఐజాక్ కుర్చీలో కూర్చుని తింది. చాన్నాళ్లకి అన్నం రుచిగా ఉంది. మెతుకు మిగల్చలేదు.

చెయ్యి కడుక్కుంటుంటే జయపాల్ వచ్చాడు. ఒళ్లంతా చెమట.

"ఏరా, ఏమన్నాడు?"

"నన్ను దింపేటప్పుడు చెప్పాడక్కా. కేకేస్తూ వెనకే పరిగెత్తాను. వినిపించుకోలేదు."

"ఏం చెప్పాడు?"

"గోదారి లంకల్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా గడ్డి పరిచి ఆ బండిలోనే ఆస్పత్రికి తెస్తాడంట. ఊరికే."

"అయితే?"

"కిందటేడు లాకుల దగ్గర ఎవర్నో లారీ గుద్దేసి పోయిందంట. ఇతను గడ్డి లోడు సగం రోడ్డు మీద తోసేసి, ఆ మనిషిని ఎక్కించుకున్నాడు. కేసు మీదేసుకోవాల్సి వస్తుందని భయపడి ఆస్పత్రిలో ఆగలేదంట. గొయ్యి వచ్చినప్పుడల్లా ఆ మనిషి మూలిగిన మూలుగు ఇంకా చెవుల్లోనే ఉందన్నాడు. అందుకే మెత్తటి షాకులు."

తబిత ఫోన్ అందుకుంది. ఏ నంబరుకి చెయ్యాలో తెలియక, దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

"ఎవరంటరా ఆ మనిషి? పేరేమైనా చెప్పాడా?"

"తన పేరు చెప్పలేదంటక్కా, దారి పొడుగునా తబితా, తబితా అంటూనే ఉన్నాడంట."

రత్నమాణిక్యం, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు సామర్లకోటలో, స్టేషను వెనక వీధిలో ఉంటున్నాను.