మాస్కు ఇవ్వను

"షెడ్డు అంటుకుంటే ఏం చేస్తావురా? పక్కనే గ్యాస్ బండ ఉంది!"

తన యూట్ బండికి, ఆ వెనక తొట్టి ఉన్న కారుకి, ఇంట్లోనే రంగు వేసుకుంటానని జారడ్ అన్న దగ్గర్నుంచీ నోలీన్‌ది ఇదే గోల.

"బండ అవతల పెట్టేశానమ్మా."

"కరెంటు తీగ మీద నీళ్లు పడితే?"

"ఇంకా రంగు కొట్టే గన్ను కూడా కొనలేదు. అప్పుడే చంపేస్తున్నావు నన్ను."

చిన్నప్పుడు ఉబ్బసం వచ్చి పెదాలు నీలంగా మారిపోయిన పిల్లాడు. వాణ్ణి రాత్రిళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుని పెంచిన తల్లి నోట్లోంచి మంచిమాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

టౌన్స్‌విల్‌లో వాళ్ల పేటకి ఆ వారం కౌన్సిల్ చెత్త లారీ వచ్చే వారం. అక్కర్లేని సామానంతా గేటు ముందు గడ్డి మీద పెడతారు. లారీ వచ్చేలోగా కావలసినవాళ్లు ఎత్తుకుపోతారు. ఎవరూ ఎవర్నీ అడగరు.

జారడ్ వెనకవీధిలోంచి బండెడు తెచ్చాడు. గాలి కొట్టే కంప్రెసర్, గొట్టం, స్ప్రే గన్, మూత తియ్యని రంగు డబ్బాలు, మాస్కు.

"ఏ గన్ను కొనాలి, ఏ రంగు కొనాలి అని జుట్టు పీక్కుంటున్నాను. దెబ్బకి తీరిపోయిందమ్మా!"

నోలీన్ మాస్కు అందుకుంది. రెండు బుగ్గల మీదా గాలి వడగట్టే గుండ్రటి బిళ్లలున్న గట్టి రబ్బరు మాస్కు. దాన్ని చూశాక ఆమె మనసు కాస్త కుదుటపడింది.

"ఇది పెట్టుకోకుండా గన్ను ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతాను."

సాయంత్రం ఎవరో గేటు దబదబా బాదారు. పొడుగాటి మనిషి. గడ్డం మాసిపోయి ఉంది.

"నా సామాను మీ అబ్బాయి తెచ్చాడట."

"గడ్డి మీద పెట్టాక ఇంకా నీదేంటయ్యా?"

"కంప్రెసర్ ఉంచుకోండి. గన్నూ ఉంచుకోండి. ఆ డబ్బాలు, ఆ మాస్కు మాత్రం ఇచ్చెయ్యండి."

నోలీన్‌కి ఒళ్లు మండిపోయింది. "మాస్కా! నా కొడుకు ఊపిరి కాపాడేది అదొక్కటే. సరిగ్గా అదే కావలసొచ్చిందా నీకు? ఇవ్వను!"

"కొత్తగా వేసేవాడికి ఆ రంగు వద్దు. గట్టిపడే మందు కలిపే రకం అది. మామూలు అక్రిలిక్ కొనుక్కోమనండి. మెరుపు తగ్గితే తర్వాత రుద్దుకోవచ్చు."

"ఎందుకు వద్దు?"

అతను గేటు తోసుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"వద్దంటే వద్దు!" అని ఒక్కసారిగా అరిచాడు.

"నా గుమ్మంలో నిలబడి నామీదే అరుస్తావా? ఖరీదైన రంగని ఇప్పుడు గుర్తొచ్చిందా? అమ్ముకుందామనా? సిగ్గు లేదూ?"

జారడ్ నవ్వుతూ బయటికొచ్చాడు. "పెద్దాయనా, లేటయింది. ఇంకో ఇంటి ముందు గడ్డి చూసుకో."

మర్నాడు పొద్దున్నే అతను షెడ్డులో దొరికాడు. చేతిలో కత్తి. గొట్టం రెండు ముక్కలై కింద పడుంది. మాస్కు అతని చంకలో ఉంది.

"దొంగ వెధవా!" నోలీన్ మీదపడి మాస్కు లాక్కుంది. పోలీసులకి ఫోన్ చేసింది.

"ఎందుకు కోశావయ్యా?" అని పోలీసతను ఎన్నిసార్లు అడిగినా ఆ మనిషి తల ఎత్తలేదు. బండి ఎక్కేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి, "వెయ్యనివ్వకమ్మా, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

"నీ దణ్ణం జడ్జీకి పెట్టుకో!" అంది నోలీన్.

జారడ్ కొత్త గొట్టం తెచ్చుకున్నాడు. మాస్కు పట్టీలు తల్లే బిగించింది. బిగువు చాలదేమోనని ఇంకొకసారి లాగి మరీ బిగించింది.

మధ్యాహ్నానికి బానెట్ నిగనిగలాడిపోయింది.

షెడ్డులోంచి దగ్గు వినపడింది. ఆ తర్వాత దగ్గు కూడా వినపడలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కేకలేసింది. "ఆ మందు ఆవిరికి వాసన ఉండదు. మాస్కు దాన్ని ఆపుతోందో లేదో తెలిసేలోపే ఊపిరి పట్టేస్తుంది. బయటినుంచి గొట్టంతో గాలి అందే ముసుగు ఉండాలి దానికి. పైగా ఉబ్బసం పిల్లాడు! ఇంట్లో చేసే పనేనా ఇది? ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు."

జారడ్ కళ్లు తెరిచాక నోలీన్ తిన్నగా వెనకవీధిలో ఆ మనిషి ఇంటికి నడిచింది. తన చేత్తోనే పట్టీలు బిగించిన సంగతి గుండెల్లో మండుతోంది. ఆ మంట ఎవరిమీదైనా పొయ్యాలి.

అతను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పోలీసులు వదిలేసినట్టున్నారు.

"మీవాడు?" అన్నాడు, ఆమె గేటు తియ్యకముందే.

"బతికాడు."

ఆ మనిషి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

అది చూసినా నోలీన్ కోపం తగ్గలేదు. "అంత తెలిసినవాడివి వీధిలో ఎందుకు పెట్టావు?"

"లారీవాళ్లు నలిపేస్తారనుకున్నాను."

"మరి గేటు దగ్గరే చెప్పి చావలేకపోయావా? వాడి ప్రాణం పోతుందని ఒక్క ముక్క! ఒక్క ముక్క అంటే నేనే విసిరికొట్టేదాన్ని కదా! కత్తి పట్టుకుని షెడ్డులో దూరితే ఎవరు నమ్ముతారు నిన్ను?"

అతను ముఖం ఇంటివైపు తిప్పుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా! ఎందుకు చెప్పలేదు?"

పక్కింట్లో గడ్డి కోసే మిషను ఆగిపోయింది. ఎదురు చెట్టు మీద రామచిలకలు వాలి, పోట్లాడుకుని, ఎగిరిపోయాయి. నోలీన్ కదలకుండా నిలబడింది.

అతను ఆమె వైపు తిరిగాడు.

"మా అబ్బాయి ఆ రంగుతోనే పోయాడని చెప్పాలంటే... అవన్నీ వాడికి ఎంచి కొనిపెట్టింది నేనేనని కూడా చెప్పాలి కదమ్మా."