కుండీల్లో మట్టి

మసి పోయిన తొమ్మిదో రోజున సున్నం కూడా పాలగిన్నె ముట్టలేదు. రెండూ పిల్లులు. ఒకటి నలుపు, ఇంకొకటి తెలుపు. పేర్లు పెట్టింది కూతురు.

కూతురు పోయి ఏడు నెలలయింది. ఆ ఇంట్లో ఇప్పుడు అత్తా అల్లుడే మిగిలారు. అల్లుడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పొద్దున సంచి భుజాన వేసుకుని వెళితే సాయంత్రానికి వస్తాడు. అప్పటిదాకా అత్తగారికి మేడ మీద ముప్పై కుండీలు, మొన్నటిదాకా మూడు పిల్లులు. కుండీలూ కూతురివే, పిల్లులూ కూతురివే.

కూతురు పోయాక మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. అత్తగారు విత్తనాల కొట్టతన్ని అడిగి ఎరువు చేయడం నేర్చుకుంది. డ్రమ్ములో అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, చేప తలలు, నూనె తీసేశాక మిగిలే ఆముదం చెక్క, కాస్త బెల్లం. మూడు రోజులు నానబెట్టి కుండీకి రెండు గరిటెలు మట్టిలో కలిపేది. కంపు వీధి చివరి దాకా కొట్టేది. అయితేనేం, వంగ పూతకొచ్చింది. మొండికేసిన గులాబీ ఒకేసారి ఐదు మొగ్గలు వేసింది. ఆవిడ కుండీ దగ్గర కూర్చుంటే చాలు, పిల్లులు మూడూ చుట్టూ చేరి మట్టి గీరి నాకేవి.

సున్నానికి రెండు రోజులు వాంతులు, విరేచనాలు. చెంచాతో నీళ్లు పోస్తే మూతి పక్కనుంచి కారిపోయాయి. ఆవిడ ఒళ్లో పాత తువ్వాలు పరుచుకుని దాన్ని పడుకోబెట్టుకుంది. చేయగలిగింది అంతే. మధ్యాహ్నానికి ఒడి బరువెక్కింది.

"ఎవరో మందు పెడుతున్నారు," అంది సాయంత్రం అల్లుడితో.

"ఎవరు పెడతారత్తయ్యా? వీధిలో అందరికీ ఇవంటే ముద్దే."

అంటూనే తుమ్మాడు. పిల్లుల బొచ్చు అతనికి పడదు. పెళ్లయిన కొత్తలో ఓసారి, "నేను కావాలా, అవి కావాలా?" అని పెళ్లాన్ని అడిగాడు. "అటు మూడు, ఇటు ఒక్కటి. మొగ్గు ఎటో నువ్వే చూసుకో," అందామె. ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

ఆ మాట ఇప్పుడెందుకో ఆవిడకి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"నా చేతిలో ఏదీ నిలవదు బాబూ," అంది.

కూతురికి జ్వరం వస్తే, మామూలుదేలే అని రెండు రోజులు ఇంట్లోనే కషాయం పట్టించింది ఆవిడే. మూడో రోజు ఆసుపత్రి గుమ్మం దాకా కూడా చేరలేదు. అప్పుడు అల్లుడు ఊళ్లో లేడు. తిరిగొచ్చాక ఆవిడని ఒక్క మాట అనలేదు. అన్నదంతా ఆవిడే అనుకుంది, ఏడు నెలలుగా.

వారం పాటు మేడ మీద కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. మెట్ల తలుపుకి గొళ్లెం పెట్టింది. బయటి పురుగు కూడా లోపలికి రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున, మిగిలిన ఒక్క పిల్లి చింతపిక్క కూడా వాంతి చేసుకుంది.

అల్లుడే కూరల బుట్టలో పిల్లిని పడుకోబెట్టి, తుమ్ముకుంటూనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికి ఖాళీ బుట్టతో వచ్చాడు.

"పోయిందా?"

"లేదత్తయ్యా. సెలైన్ పెట్టారు. ఐదారు రోజులు అక్కడే ఉంచాలట."

"ఏమైందట?"

అతను బుట్ట కింద పెట్టాడు. దాని పిడి వదలకుండా అలాగే వంగి ఉండిపోయాడు.

"విషం. నేనే పెట్టాను. ఎలుకల మందు. మూడింటికీ."

ఆవిడ అతని చేతిలోంచి ఖాళీ బుట్ట లాక్కుంది.

"నా బిడ్డ ప్రాణం కదా బాబూ అవి."

"తుమ్ములు భరించలేకపోయాను."

"ఒక్క మాట చెబితే ఎవరికైనా ఇచ్చేసేదాన్ని కదా."



ఆ సాయంత్రమే అతను ముప్పై కుండీలూ పెళ్లగించాడు. మట్టిలోనూ, ఎరువు డ్రమ్ములోనూ మందు కలిపానని, అది ఇంట్లో ఉంటే ప్రమాదమని చెప్పి, మట్టంతా బస్తాలకెత్తాడు. మొక్కల వేళ్లు కడిగి వాటిని కొత్త మట్టిలో నాటాడు. సగం అప్పుడే వాలిపోయాయి. డ్రమ్ముని తాడు కట్టి కిందికి దించాడు. ఆవిడ మెట్ల దగ్గర గోడ పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆపడానికీ చేతులు లేవలేదు, సాయం పట్టడానికీ లేవలేదు.

"రేపట్నుంచి ఈ గడప తొక్కకు," అని మాత్రం అంది.

"అలాగే అత్తయ్యా."

పొద్దున్నే పనిముట్ల సంచి, బట్టల పెట్టె తీసుకుని బయల్దేరాడు. గేటు దగ్గర ఆగి, "బీపీ మాత్రలు కింది అరలో పెట్టాను, మీకు అందేలా," అన్నాడు. ఆవిడ ముఖం తిప్పుకుంది.

ఆరో రోజున డాక్టరు దగ్గర పనిచేసే మనిషి చింతపిక్కని తెచ్చి దింపాడు. చిక్కి సగమైంది గానీ బతికింది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. దానికి మళ్లీ నలత అన్నది లేదు.

"చూశారా? ఆ మహానుభావుడు గడప దాటాడు, పిల్లి కోలుకుంది. నిజం నిలకడ మీద తెలుస్తుందని ఊరికే అన్నారా," అంది పక్కింటావిడ.

"పాముకి పాలు పోశానమ్మా," అంది అత్తగారు.

బతికిన మొక్కలకి బలం చాలడం లేదు. సంచి పట్టుకుని విత్తనాల కొట్టుకి వెళ్లింది.

"ఆముదం చెక్క వచ్చిందా?"

"లేదమ్మా. వేపపిండి తీసుకెళ్లండి."

"పోయిన నెలా ఇదే చెప్పావు."

"సరుకు రావట్లేదమ్మా, ఏం చేయను."

ఆవిడ వేపపిండి సంచిలో వేసుకుని నెమ్మదిగా వీధి మలుపు తిరిగింది.

కొట్టతను బల్ల కిందున్న ఆముదం చెక్క బస్తాని కాలితో ఇంకాస్త లోపలికి తోశాడు. పిల్లుల్ని చంపింది ఆవిడ ఎరువులోని ఈ చెక్కేనని డాక్టరు అన్నాడని చెప్పి, ఆ సంగతి ఆవిడకి ఎప్పటికీ తెలియకూడదని, వెళ్లిపోయిన రోజున అల్లుడు అతని రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు.