మరకు నేర్పిన చేతులు

పసిపిల్లలకు నూనె రాసి ఒళ్లు పట్టి నీళ్లు పోయడంలో అప్పలకొండను మించినవారు లేరని, పదేళ్ల కిందట కంపెనీవాళ్లు ఆమె చేతులు కదిలే తీరంతా ఒక్క పూటలో మరకు నేర్పించుకున్నారు. ఇవాళ ఆ మరే ఆమె మనవరాలికి ఒళ్లు పడుతోంది.

మురిసిపోతూ చూస్తున్న అప్పలకొండ ఉన్నట్టుండి కొయ్యబారిపోయింది. మర పాప కుడికాలిని నిమిరి, సాగదీసి, కీలుకీలూ వదులు చేసింది. ఎడమకాలిని ఊరికే తడిమి వదిలేసింది.

"ఓలమ్మో! మరకు నేర్పిన ఆ రోజు నా బొటనేలికి గోరుచుట్టే. నొప్పికి ఎడంకాలు సరిగ్గా పట్టనేదు!"

పాపను లాక్కుని, కాళ్లు చాపి వాటిమీద పడుకోబెట్టుకుంది.

"అత్తా, మన ఊరి బడి పిల్లలందరూ ఎడంకాలు ఈడుస్తారు. అందుకేనేటి?" అంది కోడలు పైడితల్లి, బిత్తరపోయి.

పాప ఎడమకాలు పట్టబోతున్న అప్పలకొండ తలెత్తి చూసింది. "ఈ మర ఇంకెవరింట్లో ఉందే?"

"ఎవరింట్లో నేదత్తా?"